ఫిలింసిటీ చూడబోతే లాడ్జి ఖర్చు తడిసి మోపెడు
ముందుగా అడిగినవారికి ఒక రేటు, సామానుతో దిగినవారికి మరొక రేటు

చౌటుప్పల్ (మా విలేఖరి): పిల్లలకు సెలవులు ఇచ్చారంటే జాతీయ రహదారి వెంబడి ఊళ్లలోని కుటుంబాలు ఫిలింసిటీ ప్రయాణం కడుతున్నవి. ప్రవేశ టికెట్టుకు ఎంత అవుతుందో, బస్సు చార్జీ ఎంతో ఇంటివద్దనే లెక్క వేసుకుని బయలుదేరుతున్నారు. లెక్కకు అందకుండా పోతున్నది ఒక్క రాత్రి బస ఖర్చు మాత్రమే. టికెట్టు ధర ముందుగా తెలుసుకునే వీలు ఉన్నది. గది అద్దె మాత్రం వచ్చిన రోజును బట్టి, వచ్చిన వేళను బట్టి, అడిగిన తీరును బట్టి మారుతున్నది. పంట డబ్బులోనో, చీటీ డబ్బులోనో మిగిల్చుకున్న నాలుగు వేలతో బయలుదేరిన కుటుంబానికి ఈ తేడా చిన్నది కాదు. ఈ అద్దెలు ఎందుకు పెరుగుతున్నవి, ఎక్కడ తగ్గించుకోవచ్చు, చట్టం ఎంతవరకు అండగా ఉన్నది అన్న విషయాలు పరిశీలించవలసి ఉన్నది.

బస మూడు చోట్ల

రామోజీ ఫిలింసిటీ 1996లో ఏర్పడినది. రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం అనాజ్‌పూర్ సమీపంలో, హైదరాబాద్-విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి పక్కన ఉన్నది. హైదరాబాద్ నుండి సుమారు 30 కి.మీ. దూరం. ప్రపంచంలోకెల్లా పెద్ద ఫిలిం స్టూడియో సముదాయంగా గిన్నిస్ పుస్తకంలో నమోదయినది. ఉదయం 9 గంటలకు గేట్లు తెరిస్తే అంతా చూడడానికి ఒక పూర్తి రోజు పడుతుంది.

బస చేయదలచినవారికి మూడు మార్గాలు ఉన్నవి. మొదటిది, ఫిలింసిటీ ఆవరణలోనే ఉన్న సితార, తార, శాంతినికేతన్ వంటి హోటళ్లు. రెండవది, రహదారి వెంబడి హయత్‌నగర్, ఎల్.బి.నగర్ వైపు ఉన్న లాడ్జీలు. మూడవది, మన వైపు ఇరవై కి.మీ. అటూ ఇటూ దూరంలో ఉన్న చౌటుప్పల్. చాలామంది మొదటి రెండింటి గురించే ఆలోచిస్తున్నారు. సూర్యాపేట, కోదాడ వైపు నుండి వచ్చేవారు ఫిలింసిటీ దాటి నగరంలోకి వెళ్లి, అక్కడ గది తీసుకుని, మరునాడు మళ్లీ వెనక్కు రావడం పరిపాటి అయినది. దారిలోనే బస దొరికే అవకాశం ఉండగా ముందుకు పోయి వెనక్కు రావడం అనవసరపు ఖర్చు.

అద్దెకు ముహూర్తబలం

లాడ్జి గది కూరగాయ వంటిది. ఈ రాత్రి అమ్ముడుపోకపోతే రేపటికి దాచుకునే వీలు లేదు. కనుక గిరాకీ లేని రాత్రి వచ్చినకాడికి ఇస్తారు, గిరాకీ ఉన్న రాత్రి దొరికినంత అడుగుతారు. ఇందులో వింత ఏమీ లేదు. గిరాకీ ఏ రోజుల్లో ఉంటుందో తెలుసుకోవడమే అసలు కిటుకు.

దసరా సెలవులు, క్రిస్మస్ నుండి సంక్రాంతి వరకు, వేసవి సెలవులు, శనివారం రాత్రులు ఎటూ రద్దీ రోజులే. సంక్రాంతికి ఈ రహదారి సంగతి చెప్పనక్కరలేదు. పంతంగి టోల్‌గేటు వద్ద వాహనాలు బారులు తీరడం ఏటా చూస్తున్నదే. అయితే యాత్రికులు గమనించని కారణం మరొకటి ఉన్నది. అది పెళ్లి ముహూర్తం. ఈ రహదారి పొడవునా ఫంక్షన్ హాళ్లు వెలిసినవి. ఫిలింసిటీలోనూ పెళ్లిళ్లు, కంపెనీల సమావేశాలు జరుగుతుంటవి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణ మాసాల్లో గట్టి ముహూర్తం ఉన్న రోజున మగపెళ్లివారికి, చుట్టాలకు గదులన్నీ ముందే రాసి ఉంటవి. ఆ రోజు మామూలు మంగళవారం అయినా గది దొరకదు, దొరికినా రేటు దిగదు.

దీనికి తిరగేసి చూస్తే లాభం కనబడుతుంది. ఆషాఢంలో, భాద్రపదంలో, మూఢం రోజుల్లో పెళ్లిళ్లు ఉండవు. బడులు తెరిచిన తర్వాత జూన్ చివర, జూలైలో యాత్రికుల తాకిడీ తగ్గుతుంది. వానలు ఉంటవి నిజమే గాని, ఎండ దెబ్బ ఉండదు. బడి ఒక్క రోజు మానిపించడానికి ఇష్టపడని తల్లిదండ్రులు ఆదివారం చూసుకుని, శనివారం రాత్రికి బదులు ఆదివారం రాత్రి బస పెట్టుకుని, సోమవారం తెల్లవారి ఇంటికి చేరినా కొంత కలిసివస్తుంది. క్యాలెండరుతోపాటు పంచాంగం కూడా ఒకసారి తిరగేయడం ఖర్చు లేని పని.

ఇదిలా ఉండగా లాడ్జి యజమానుల పక్షం కూడా వినవలసినదే. రద్దీ రోజులు ఏడాదికి కొన్నే. కరెంటు బిల్లు, పనివారి జీతాలు, దుప్పట్ల ఉతుకు మాత్రం పన్నెండు నెలలూ తప్పవు. పండుగనాటి ఆదాయంతో వానాకాలపు ఖాళీని పూడ్చుకోవలసిన స్థితి వారిది. రేటు పెంచడం తప్పు కాదు. పెంచిన రేటును ముందుగా చెప్పకపోవడమే తప్పు.

బోర్డు మీద ఒకటి, చీటీ మీద ఒకటి

గది రేటు అడిగి ఊరుకుంటే చాలదు. దాని వెనుక నాలుగు లెక్కలు ఉంటవి.

మొదటిది జి.ఎస్.టి. రోజుకు రు.1000 లోపు గదులకు మొదట ఈ పన్ను లేదు. 2022 జూలై 18 నుండి వాటికీ నూటికి 12 వంతున వేశారు. 2025 సెప్టెంబరు 22 నుండి రు.7500 వరకు గదులకు నూటికి 5కు తగ్గించారు. ఆ పైన గదులకు నూటికి 18 ఉన్నది. అంటే రు.2000 గదికి పూర్వం రు.2240 అయితే ఇప్పుడు రు.2100 కావాలి. రు.7500 గదికి పన్నుతో రు.7875 అవుతుండగా, మరొక వంద ఎక్కువయి రు.7600 అయితే పన్నుతో రు.8968 అవుతుంది. వంద రూపాయల తేడాకు వెయ్యికి పైగా భారం పడుతుందన్నమాట. ఇంకా పాత లెక్కన 12 వేస్తున్నారేమో చీటీ చూసుకోవాలి. జి.ఎస్.టి. నంబరు లేని చీటీ మీద లాడ్జివారు జి.ఎస్.టి. వసూలు చేయడానికి వీలు లేదు.

రెండవది రోజు లెక్క. కొన్ని లాడ్జీలలో గది తీసుకున్న గంట నుండి 24 గంటలు. కొన్నింటిలో మధ్యాహ్నం పన్నెండు నుండి మరునాడు పన్నెండు వరకు. విజయవాడ వైపు నుండి రాత్రి బస్సెక్కి తెల్లవారుజామున దిగినవారు స్నానాలకని ఆరు గంటలకు గది తీసుకుంటే, పన్నెండు లెక్క ఉన్నచోట మధ్యాహ్నానికే ఒక రోజు అద్దె పూర్తి అవుతుంది. ఆ రాత్రి కూడా ఉంటే రెండు రోజుల అద్దె పడుతుంది. సగం యాత్రికులు మోసపోయామని అనుకునేది ఇక్కడే. అది మోసం కాదు, ముందు అడగని లెక్క. స్నానాలకు మాత్రమే అయితే కొన్ని గంటలకు గది ఇస్తారా అని అడగడం మేలు.

మూడవది మనిషి లెక్క. బోర్డు మీద రేటు ఇద్దరికే. మూడవ మనిషికి, పరుపుకు వేరే. ఎన్నేళ్ల పిల్లలకు ఉచితమో ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరు. నలుగురికి రెండు గదులు తీసుకోవడం కంటే నాలుగు మంచాల గది ఉన్నదా అని అడిగితే చాలాసార్లు తక్కువలో తేలుతుంది.

నాలుగవది భోజనం దగ్గర సర్వీసు చార్జి. దీనిని బిల్లులో దానంతట కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చినది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించినది. ఇష్టమైతే ఇవ్వవచ్చు. తీసివేయమని అడగడానికి మొగమాటపడవలసిన పని లేదు.

ఆవరణలోని హోటళ్లలో బస, ప్రవేశ టికెట్టు, కొన్నిసార్లు టిఫిను కలిపి ప్యాకేజీగా ఇస్తుంటారు. మొత్తం అంకె చూసి హడలిపోనక్కరలేదు, మురిసిపోనూ అక్కరలేదు. అందులోనుండి మన ఇంటిమందికి పడే టికెట్ల ధర, టిఫిను ఖర్చు తీసివేయాలి. మిగిలినదే గది అసలు అద్దె. దానిని బయటి లాడ్జితో పోల్చి చూస్తే ఏది లాభమో తేలిపోతుంది.

సెల్‌ఫోనులో బేరం

ఇప్పుడు చాలామంది సెల్‌ఫోనులోనే గది పట్టుకుంటున్నారు. నాలుగు లాడ్జీల రేట్లు పక్కపక్కన చూసుకునే వీలు వచ్చినది. ఉన్నవారు రాసిన మంచిచెడ్డలు చదువుకునే వీలూ వచ్చినది. ఇది మేలే. కాని ఈ సంస్థలు లాడ్జి యజమాని నుండి సాధారణంగా నూటికి పదిహేను, ఇరవై రూపాయలు, కొన్నిచోట్ల అంతకు మించి కమీషను తీసుకుంటవి. ఆ కమీషను చివరకు అద్దెలోనే కలుస్తుంది. అందువల్ల ఫోనులో రేటు చూసుకున్న తర్వాత నేరుగా లాడ్జికే ఫోను చేసి, ఇంతకంటే తగ్గుతుందా అని అడగడం తెలివైన పని. కమీషను మిగిలిన యజమాని కొంత తగ్గించవచ్చు, లేదా అదనపు పరుపు ఉచితంగా వేయవచ్చు.

అయితే పూర్వం ఇందుకు ఒక అడ్డంకి ఉండేది. తమ దగ్గర పెట్టిన రేటు కంటే తక్కువకు మరెక్కడా, చివరకు తన సొంత కౌంటరులో కూడా అమ్మరాదని కొన్ని పెద్ద సంస్థలు హోటళ్లతో ఒప్పందాలు రాయించుకున్నవి. ఈ విషయమై భారత పోటీ కమిషన్ 2022 అక్టోబరులో మేక్‌మైట్రిప్-గోఐబిబో సంస్థకు రు.223 కోట్లకు పైగా, ఓయోకు రు.168 కోట్లకు పైగా జరిమానా విధించినది. అటువంటి షరతులు తొలగించాలని మేక్‌మైట్రిప్‌ను ఆదేశించినది. ఆ సంస్థలు అప్పీలుకు వెళ్లినవి. కోర్టు సంగతి ఎట్లున్నా, ఒక విషయం స్పష్టమయినది. తెర మీద కనబడే రేటే ఆఖరు రేటు అనుకోవడానికి లేదు.

తెర మీద మరికొన్ని ఎత్తులు ఉంటవి. ఒకటే గది మిగిలినదని ఎర్ర అక్షరాలతో తొందరపెట్టడం, మొదట తక్కువ రేటు చూపి చివరి మెట్టులో ఏవేవో రుసుములు కలపడం, అడగకుండానే బీమా వంటివి బిల్లులో చేర్చడం అందులో కొన్ని. ఇటువంటి 13 రకాల మాయలను నిషేధిస్తూ కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు వెలువరించినది. కనుక మొదటి అంకెను కాక, డబ్బు కట్టే ముందు కనబడే చివరి అంకెను మాత్రమే పోల్చుకోవాలి. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి ఇస్తారా, ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నది కూడా అప్పుడే చూసుకోవాలి. పిల్లలకు జ్వరం వస్తే ప్రయాణం ఆగిపోతుంది. అటువంటప్పుడు రెండు వందలు ఎక్కువైనా డబ్బు వాపసు వచ్చే గదే నయం.

ఇంకొక ప్రమాదం దొంగ నంబర్లు. పేరున్న హోటళ్ల పేరిట దొంగ వెబ్‌సైట్లు పెట్టి, అడ్వాన్సు వేయించుకుని మాయమవుతున్న ముఠాలు ఉన్నవి. యాత్రాస్థలాల బుకింగుల పేరిట జరుగుతున్న ఈ మోసాలపై కేంద్ర హోంశాఖ సైబర్ విభాగం 2025 ఏప్రిల్‌లో హెచ్చరిక చేసినది. మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కు ఫోను చేయాలి. ఎంత తొందరగా చెబితే సొమ్ము నిలుపుదల చేయడానికి అంత వీలు ఉంటుంది.

దగ్గర గది చవకా? దూరం గది చవకా?

ఉదాహరణకు కోదాడ నుండి భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు బయలుదేరారనుకుందాం. ఈ కింది రేట్లు లెక్క కోసం వేసుకున్నవే గాని ఏ ఒక్క లాడ్జివీ కావు. ఫిలింసిటీకి దగ్గరలో గది రు.3000, అదనపు పరుపు రు.500 అనుకుంటే పన్నుతో రు.3675. ప్రయాణపు ఖర్చు పెద్దగా లేదు. ఎల్.బి.నగర్‌లో గది రు.1800, అదనపు మనిషికి రు.300 అనుకుంటే పన్నుతో రు.2205. బస్సులో వస్తే ఖర్చు కొద్దిపాటే. ఉదయం తొందరలో కారు మాట్లాడుకుని దానికి రు.1200 పోస్తే మొత్తం రు.3405 అవుతుంది. మిగిలినది రు.270. దానికి రెండు గంటల విశ్రాంతి పోగొట్టుకున్నట్టే. చౌటుప్పల్‌లో గది రు.1200, అదనపు మనిషికి రు.200 అయితే పన్నుతో రు.1470. మరునాడు ఉదయం ఎక్స్‌ప్రెస్ బస్సెక్కితే ఫిలింసిటీ దారిలోనే ఉన్నది. అక్కడ ఆగుతుందా అని కండక్టరును ముందే అడగాలి.

తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరు 9న ప్రారంభించిన మహాలక్ష్మి పథకం కింద రాష్ట్రంలోని ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ, హైదరాబాద్‌లో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ రాష్ట్ర సరిహద్దుల లోపల ప్రయాణం ఉచితం. ఇద్దరు ముగ్గురు ఆడవారు ఉన్న కుటుంబానికి దూరపు చవక గది ఈ పథకంతో నిజంగానే చవక అవుతుంది. స్థానిక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు వెంట ఉంచుకోవాలి. వరంగల్, కరీంనగర్, పాలమూరు వైపు నుండి నగరం మీదుగా వచ్చేవారికి ఎల్.బి.నగర్ అనుకూలం. మియాపూర్ నుండి అక్కడిదాకా మెట్రో రైలు కూడా ఉన్నది. మన వైపు వారికి చౌటుప్పల్ అనుకూలం.

మరొక సంగతి. బస ముందు రాత్రి పెట్టుకోవడమా, చూసిన రాత్రి పెట్టుకోవడమా అన్నది ఆలోచించాలి. ముందు రాత్రి నిద్రపోయి ఉదయం గేటు తెరిచే వేళకు చేరితే, సాయంత్రం నేరుగా ఇంటి బస్సు ఎక్కవచ్చు. ఒక్క రాత్రి అద్దెతో సరిపోతుంది. గది ఖాళీ చేసి వస్తారు గనుక సామాను ఎక్కడ పెట్టాలో ముందుగా తెలుసుకోవాలి. నల్గొండ, చిట్యాల, నకిరేకల్ వంటి దగ్గరి ఊళ్లవారికి అసలు బస అక్కరలేదు. తెల్లవారి బయలుదేరితే రాత్రికి ఇల్లు చేరవచ్చు. అందరికంటే చవకయిన గది సొంత ఇల్లే.

ఒప్పుకున్న రేటుకు చట్టం అండ

సాయంత్రం ఏడు గంటలకు పిల్లలతో, సంచులతో కౌంటరు ముందు నిలబడినవారికి బేరం చేసే శక్తి ఉండదు. కొన్నిచోట్ల ఆటోవారు తీసుకువెళ్లిన లాడ్జిలో వారి కమీషను కూడా అద్దెలో కలుస్తుంది. అందుకే బేరం ఇంటి నుండే జరగాలి. రోజు లెక్క, మనుషుల లెక్క, పన్ను అన్నీ కలిపి మొత్తం ఎంత అని అడిగి, ఆ అంకెను వాట్సాప్‌లో పంపమని కోరాలి. ఇద్దరి మధ్య ఒప్పుకున్న ధర కంటే ఎక్కువ వసూలు చేయడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదు చేయదగిన విషయం. ఆ ఒక్క మెసేజే సాక్ష్యం.

చేతికి చీటీ ఇవ్వని చోట ఏ హక్కూ నిలవదు గనుక బిల్లు అడిగి తీసుకోవాలి. తేడా వస్తే ముందుగా 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు చెప్పవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. లాడ్జి ఉన్న జిల్లాకు పోనవసరం లేదు. ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. రు.5 లక్షల లోపు విలువకు రుసుము లేదు, వకీలు కూడా తప్పనిసరి కాదు. ఈ విషయం తెలియక నాలుగు వందలకు ఎవరు తిరుగుతారులే అని వదిలేస్తున్నవారే ఎక్కువ.

చేయవలసినది ఏమి?

ధర తెలుసుకునే హక్కు చట్టం వినియోగదారునికి ఇచ్చినది. కాని రాత్రివేళ దిగిన యాత్రికునికి అది కంటికి కనబడే బోర్డుగా మారాలి. రహదారి వెంబడి ప్రతి లాడ్జిలో మామూలు రోజుల రేటు, రద్దీ రోజుల గరిష్ఠ రేటు, పన్ను, అదనపు మనిషికి ఎంత, రోజు లెక్క ఏమిటి అన్న వివరాలు తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించే బాధ్యత గ్రామ పంచాయతీలు, మునిసిపాలిటీలు తీసుకోవాలి. 1915 నంబరు కూడా అదే బోర్డు మీద ఉండాలి. ఇందుకు పెద్ద ఖర్చు ఏమీ లేదు.

సెలవు రోజుల్లో సూర్యాపేట, కోదాడ, నల్గొండ డిపోల నుండి ఉదయం బయలుదేరి, ఫిలింసిటీ మూసే వేళకు గేటు దగ్గర నుండి తిరిగి వచ్చే బస్సులు ఆర్.టి.సి. నడిపితే, వందలాది కుటుంబాలకు లాడ్జి మెట్లు ఎక్కే పనే తప్పుతుంది. సాయంత్రం తిరుగు బస్సు దొరుకుతుందో లేదో అన్న భయంతోనే చాలామంది గది తీసుకుంటున్నారు. బడి పిల్లల విహారయాత్రలకు కూడా ఇది మేలు చేస్తుంది. పిల్లల దగ్గర వసూలు చేసే సొమ్ములో బస ఖర్చు పోతే, డబ్బు కట్టలేక ఊళ్లో మిగిలిపోయే పేద పిల్లలు కొందరైనా బస్సు ఎక్కగలుగుతారు. రానున్న సెలవులకు ముందే సంబంధిత అధికారులు ఈ విషయంలో శ్రద్ధ వహించాలని ఈ ప్రాంత ప్రజలు కోరుతున్నారు.